మొక్క గురించి అడిగితే మాటను దిద్దుతున్నారు

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో రెండు గొడవలు తరచూ లేస్తుంటాయి. టమాట ఆకుముడత గురించి మాట్లాడుకునే చోట ఎవరో గుడ్ మార్నింగ్ బొమ్మలు లేదా రాజకీయ వీడియోలు పెడతారు. ఇది మొదటిది. "మా సోరకాయ తీగకు పిందెలు రాలిపోతున్నయ్, ఏం చెయ్యాలె" అని ఒకరు అడిగితే, జవాబు కంటే ముందు "చెయ్యాలె కాదండీ, చెయ్యాలి" అని ఇంకొకరు దిద్దుతారు. ఇది రెండోది. చూడ్డానికి టాపిక్ దాటొద్దనడం, తప్పు దిద్దడం రెండూ గ్రూపు క్రమశిక్షణలాగే కనిపిస్తాయి. కానీ అవి వచ్చిన దారులు వేరు.

టాపిక్ దాటొద్దన్న నియమం పుట్టుక మామూలు అవసరంలో ఉంది. నెట్ నెమ్మదిగా నడిచే రోజుల్లో, చాలామందికి వాడిన సమయాన్ని బట్టి బిల్లు పడేది. సంబంధం లేని మెసేజ్ ఒకటి వస్తే చదివేవాళ్ల డబ్బే పోయేది. 1995 అక్టోబరులో ఇంటెల్‌కు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన నెట్ మర్యాదల పత్రం, ఆర్ఎఫ్‌సీ 1855, విషయం దాటి వెళ్లొద్దని చెప్పింది. అదే వాక్యంలో మరో మాట కూడా ఉంది: ఎదుటివారి అక్షరదోషాలు చూపడానికే మెసేజ్ పెట్టొద్దని. వాట్సాప్ గ్రూపులో సభ్యుల పరిమితి 2016లో 256కు, 2022లో 1024కు పెరిగాక మొదటి సగం మన అడ్మిన్లందరికీ అవసరమైంది. రెండో సగాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే మాట దిద్దడం మనకు మర్యాద తప్పినట్టు అనిపించదు, చదువు చెప్పినట్టు అనిపిస్తుంది. అది బడి నుంచి వచ్చిన అలవాటు.

నిజాం కాలంలో ఇక్కడ చదువు, కచేరీ, కోర్టు ఎక్కువగా ఉర్దూలోనే. తెలుగు చదువుకోవాలంటే జనమే పూనుకోవాల్సి వచ్చింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలిసింది అలాగే. 1921 నవంబరులో హైదరాబాద్‌లో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానమే తెలుగువారి సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టడానికి దారి తీసింది. సొంత మాట మాట్లాడినందుకు నలుగురిలో నవ్వులపాలు కావడం ఈ నేలకు అప్పటికే తెలుసు.

అటు కోస్తాలో ఇంకో పోరు నడుస్తోంది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని గిడుగు రామమూర్తి, గ్రాంథికమే ఉండాలని 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు. చివరికి గిడుగు మాటే నిలిచింది, అది అందరికీ మేలు చేసింది. అయితే పుస్తకాల్లో, పత్రికల్లో స్థిరపడిన వ్యావహారికానికి మధ్య కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాట ఆధారమైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పాఠ్యపుస్తకం, రేడియో ఆ తెలుగులోనే నడిచాయి. వరంగల్ బడిలో పిల్ల "మా నాయిన పోయిండు" అంటే "వెళ్లాడు అనాలి" అని దిద్దడం మొదలైంది. పిల్లకు అందులో వ్యాకరణం కనబడదు, మా ఇంట్లోవాళ్లకు మాట్లాడరాదన్న భావం మిగులుతుంది. మడికొండలో పెరిగిన కవి కాళోజీ నారాయణరావు దీని మీద కొట్లాడారు. 2014 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం.

భాషాశాస్త్రం ఈ తగువును ఎప్పుడో తేల్చేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోట మాటలు సేకరించి, 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూపిన పరిశోధన ఆయనది. ఆ నాలుగింటిలో తెలంగాణది ఒకటి. "పోయిండు"కు దాని నియమం దానికుంది, వచ్చిండు, చేసిండు, తిన్నడు అన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి. దాన్ని తప్పు అనడానికి ఆధారమే లేదు.

2017లో గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగుకు వచ్చాక ఇంకో మార్పు జరిగింది. రాయడం అలవాటు లేని అమ్మలు, అక్కలు కూడా ఫోన్‌కు చెప్పి మెసేజ్ పెడుతున్నారు. ఫోన్ వాళ్ల మాటను సరిగా పట్టుకోక ఏదో ఒకటి రాస్తుంది. ఆ తప్పుకు నలుగురిలో మాట పడేది మాత్రం వాళ్లు. ఒకసారి అలా దిద్దించుకున్న మనిషి మళ్లీ అడగదు. నాకు బాధ కలిగేది ఇక్కడే. యాభై ఏళ్లుగా పెరట్లో పుంటికూర, చిక్కుడు పెంచిన చేయి అది. ఆమెకు తెలిసింది గ్రూపులో ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

దిద్దాల్సినవి లేకపోలేదు. వేపనూనె లీటరు నీళ్లకు 5 ఎం.ఎల్. అని రాయబోయి 50 అని పడితే, అది ఎవరు పెట్టినా వెంటనే సరిచెయ్యాలి, లేకపోతే ఆకులు మాడిపోతాయి. ఇక్కడ కందగడ్డ అంటే చిలగడదుంప, దాన్నే గెణుసుగడ్డ అనీ అంటారు, తీగ ముక్కలు నాటితే వస్తుంది. కోస్తావాళ్లకు కంద వేరే దుంప, దాన్ని గడ్డ ముక్కలతో నాటుతారు. కాబట్టి సలహా ఇచ్చే ముందు "అమ్మా, మీరడిగేది గెణుసుగడ్డ గురించేనా?" అని అడగాలి. ఇది టాపిక్ లోపలి ప్రశ్నే. "చెయ్యాలె" మీద పెట్టే మెసేజ్‌ను మాత్రం అడ్మిన్ గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటే తీసెయ్యాలి, మొక్కకు దానితో ఏ సంబంధమూ లేదు కాబట్టి.