విషపు నేలను మొక్కలు బాగుచేస్తాయా? అపోహలు - వాస్తవాలు

పరిశ్రమల వ్యర్థజలాలతో పొలం చెడిపోయిన రైతులు మమ్మల్ని ముందుగా అడిగేది ఒకటే: "ఏ మొక్క వేస్తే నా నేల బాగవుతుంది సార్?" పటాన్‌చెరు దిగువన నక్కవాగు వెంబడి పొలాలున్నవారూ ఇదే అడిగారు. వారికి ఉత్త ఆశ చూపడం నాకు ఇష్టం లేదు.

అపోహ: కలుషిత నేలలో పచ్చగా పెరుగుతున్న మొక్క ఆ విషాన్ని పీల్చేస్తోంది.

వాస్తవం: జిల్లేడు, సర్కారు తుమ్మ, గరిక వంటివి అక్కడ బతుకుతున్నాయంటే విషానికి తట్టుకుంటున్నాయని మాత్రమే అర్థం. తట్టుకునే మొక్కల్లో చాలావరకు లోహాన్ని ఆకుల దాకా రానీయకుండా వేళ్ళ దగ్గరే ఆపేస్తాయి. లోహాన్ని ఆకుల్లో భారీగా నింపుకునే జాతులు ప్రపంచం మొత్తంమీద సుమారు 700 మాత్రమే తెలుసు, వాటిలోనూ అత్యధికం నికెల్‌ను కూడబెట్టేవే. అయితే అలాంటిదొకటి మన దగ్గరా ఉంది. పాత సున్నపు గోడల పగుళ్ళలో పెరిగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆకును తిప్పి చూస్తే, అంచు పొడవునా గోధుమరంగు గీతలా సిద్ధబీజాలు కనిపిస్తాయి. ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచినప్పుడు ఇది కిలో ఎండు ఆకుకు 22 గ్రాములకు పైగా ఆర్సెనిక్‌ను చేర్చుకున్నట్లు 2001లో అమెరికాలోని ఫ్లోరిడా పరిశోధకులు ప్రకటించారు.

అపోహ: రెండు మూడు పంటలు తీస్తే నేల శుభ్రమవుతుంది.

వాస్తవం: సీసం విషయంలో లెక్క వేసి చూద్దాం. ఎకరం నేలలో పైనున్న 20 సెంటీమీటర్ల మట్టి సుమారు వెయ్యి టన్నులు తూగుతుంది. కిలో మట్టికి 200 మిల్లీగ్రాముల చొప్పున సీసం తగ్గించాలంటే 200 కిలోలు బయటికి తీయాలి. ఆవ వేసి 4 టన్నుల ఎండు మొక్క కోసినా, కిలోకు 100 మిల్లీగ్రాములు చేరిందనుకున్నా, పంటకు వచ్చేది 400 గ్రాములు, అంటే ఐదు వందల పంటలు. సీసం మట్టి రేణువులను అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. జపాన్‌లోని ఫుకుషిమాలో 2011 అణు ప్రమాదం తర్వాత నేలలో చేరిన రేడియోధార్మిక సీజియం కోసం నాటిన పొద్దుతిరుగుడు కూడా ఇలాంటి కారణంతోనే నిరాశపరిచింది.

కాబట్టి ఇలాంటి చోట్ల విషాన్ని తోడే పని మాని, కదలకుండా కట్టిపడేసే పనికి మొక్కలను వాడతాం. వట్టివేరు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి, దుమ్ము లేవకుండా, వానకు మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: ఫాస్ఫేట్ ఎరువు సీసాన్ని బంధిస్తుంది గానీ ఆర్సెనిక్‌ను మట్టినుంచి విడిపిస్తుంది. అందువల్ల మట్టి పరీక్ష చేయించకుండా ఫాస్ఫేట్ ఉండే డీఏపీ చల్లవద్దు.

అపోహ: కోసిన మొక్కలను పశువులకు మేతగానో, కంపోస్టుగానో వాడుకోవచ్చు.

వాస్తవం: లోహం మూలకం, కుళ్ళినా, కాలినా నశించదు. పెట్రోలియం నూనెలనైతే వేళ్ళ చుట్టూ ఉండే సూక్ష్మజీవులు విరగ్గొట్టగలవు గానీ, సీసాన్ని, కాడ్మియాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. కోతను ప్రమాదకర వ్యర్థంగానే తరలించాలి. ఒకసారి కలుషిత నేలలో మేము ఆవ వేసిన మడి ముళ్ళకంచె ఒక మూల ఒరిగిపోతే, తెల్లవారేసరికి నాలుగు మేకలు ఆవ చివుళ్ళు తుంచుతూ కనిపించాయి. ఆ నాటి నుంచి కంచె పూర్తయ్యే దాకా ఒక్క విత్తనం కూడా వేయనివ్వడం లేదు.