అందరూ ఒకే గదిలో వాయిస్తే రికార్డింగ్ చెడిపోతుందా? అపోహలు - వాస్తవాలు

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే: “అన్నా, మేం నలుగురం. హార్మోనియం, డోలక్, ఇద్దరు తాళాలకు. అందరం ఒక్కసారే కొడితే ఒకల సౌండ్ ఇంకొకల మైకుల పడ్తది కదా?”

పడుతుంది. పడనివ్వండి.

అపోహ: బ్లీడ్ (ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడడం) ఉంటే అది స్టూడియో రికార్డింగే కాదు

ఈ ఒక్క మాట నమ్మి జనం తగలేసే డబ్బు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఉన్న ఒక్క పడకగదికి అడ్డంగా చెక్క గోడ కట్టించి గాజు కిటికీ పెట్టించినవాళ్ళున్నారు. ఒక్కో వాయిద్యానికి రెండేసి కండెన్సర్ మైకులు అప్పు చేసి కొన్నవాళ్ళున్నారు. ఒక్కొక్కరినీ విడివిడిగా తీసి కలిపే మల్టీట్రాక్ రాకముందు మద్రాసులో ఘంటసాల, సుశీల పాడుతుంటే వాద్యబృందమంతా వాళ్ళతోపాటే వాయించేది. ఎవరు తప్పినా అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆ పాటల్లో బ్లీడ్ లేదా? బోలెడంత ఉంది. మనకేమైనా అడ్డొచ్చిందా?

పక్క వాయిద్యం తగుమాత్రంగా, మంచి టోన్‌తో పడితే పాట నిండుగా ఉంటుంది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు డొల్లగా పడితేనే గొడవ. దానికి కారణం ఫేజ్, అంటే ఒకే శబ్దం రెండు మైకులకు ముందూ వెనకగా అందడం. శబ్దం మిల్లీసెకనుకు ఇంచుమించు ఒక అడుగు పోతుంది. డోలక్ దెబ్బ తన మైకుకు వెంటనే అందుతుంది, ఆరడుగుల అవతలున్న పాడే మైకుకు ఐదారు మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. ఆ రెండూ దాదాపు ఒకే లెవెల్‌లో కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లెవెల్‌లో బాగా తేడా ఉంటే చెవికి పెద్దగా తెలియదు. మూడింతల లెక్క అందుకే: మైకు వాయిద్యానికి అరడుగు దూరంలో ఉంటే, పక్క మైకు కనీసం అడుగున్నర అవతల ఉండాలి. అనుమానముంటే డోలక్ ఒక్కటే వాయించమని, పాడే మైకును మ్యూట్ చేస్తూ తీస్తూ వినండి. మైకు తెరిచినప్పుడు డోలక్ పలచబడుతోందా, ఆ మైకును కాస్త జరపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

జగిత్యాల వైపు నుంచి ఒక భజన బృందం వచ్చింది. అంతకుముందు వేరేచోట ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి తీశారట. విన్నాను. తప్పు ఒక్కటి లేదు, భజన అని మాత్రం అనిపించదు. హార్మోనియం మీద పాడే పెద్దాయన నన్నడిగింది ఒక్కటే: “డోలక్ ఆయన ముఖం నాకు కనవడాలె బిడ్డా. లేకుంటే నా చెయ్యి ఆడది.”

పెద్దాయన అడిగిందే మైకులకూ మంచిది. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చేదాన్ని చాలా తక్కువ పట్టుకుంటుంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే పాడే మైకు వీపు డోలక్ వైపు, డోలక్ మైకు వీపు పెద్దాయన వైపు తిరుగుతాయి. పాడే మైకు చూసేది పాడేవాళ్ళ వెనకున్న గోడను కాబట్టి, ఇంట్లో ఉన్న బొంతలు అక్కడే వేలాడదీశాను. తాళాలకు మైకే పెట్టలేదు. తాళం వేసేవాళ్ళను తలుపు దగ్గరికి పంపినా మైకులన్నిట్లో వినబడ్డాయి, ఇంకా ఎక్కువే అయ్యాయి. (టేకుల మధ్య వాళ్ళు తెచ్చిన సర్వపిండి తిన్నాం. పాట అయ్యేదాకా పెద్దాయనను మాత్రం దాని దగ్గరికి రానివ్వలేదు.)

తప్పు పాడితే ఎలా అన్న భయం మాత్రం న్యాయమైందే. గొంతును తర్వాత మార్చినా, పాత గొంతు డోలక్ మైకులో సన్నగా వినబడుతూనే ఉంటుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ (ట్యూనింగ్ ప్లగిన్) వేస్తే గొంతుతోపాటు ఆ మైకులో పడ్డ హార్మోనియం కూడా వంకర్లు పోతుంది. శ్రుతి మీద ధీమా లేనివాళ్ళుంటే వాళ్ళచేత పక్కగదిలోంచి గైడ్ (మిగతావాళ్ళు విని వాయించడానికి తాత్కాలికంగా పాడేది) పాడించి, అసలు గొంతు మరోరోజు తీయండి. అందులో నామోషీ ఏమీ లేదు. మిగతావాళ్ళు కంగారు పడకండి. మైకులు కదపకుండా మూడు నాలుగు టేకులు తీస్తే, పల్లవి ఒకదాంట్లోంచి, చరణం ఇంకోదాంట్లోంచి తెచ్చి కలపొచ్చు. ట్రాకులన్నీ ఒకేచోట కోయాలి, వేగం కలవాలి, అంతే.

ఇక మిగతా అపోహలు గబగబా. ముందు జనం అనేది, వెంటనే నా జవాబు.

గుడ్ల అట్టలు గోడలకు కొడితే సౌండ్‌ప్రూఫ్. కాదు. బయటి బండ్ల మోత ఆపవు, లోపలి బాస్‌ను ముట్టుకోవు. పైగా నిప్పు తేలిగ్గా అంటుకుంటుంది. పీకేయండి.

కండెన్సర్ ఉంటేనే క్వాలిటీ. ఖాళీ గోడల చిన్న గదిలో ఎస్‌ఎం57, ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకులే దారికొస్తాయి. చవక కండెన్సర్లు చాలావాటికి పక్కనుంచి వచ్చే శబ్దం టోన్ చెడి వినబడుతుంది. మీరు భయపడే బ్లీడ్ అదే.

96 కిలోహెర్ట్జ్‌లో తీయాలి, లెవెల్ ఎర్ర గీత దాకా తేవాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. పీకులు, అంటే అన్నిటికన్నా గట్టి దెబ్బలు, మైనస్ 12 డీబీ దగ్గర ఆగితే హాయి.

క్లిక్ (హెడ్‌ఫోన్లో ఒకే వేగంతో టిక్ టిక్ మనే మోత) లేకుంటే ప్రొఫెషనల్ కాదు. భజన చివరికి వేగం పెరగాలి. దానికి క్లిక్ పెట్టమన్నవాళ్ళు ఎన్నడూ భజనలో కూర్చోలేదు.

ఏసీ మోత మిక్సింగ్‌లో తీసేయొచ్చు. తీస్తే తాళాల చివరి మోగు కూడా పోతుంది. టేకుకు ముందే ఏసీ ఆపి, గది కుదురుకున్నాక డోలక్ శ్రుతి మళ్ళీ చూసుకోండి.

కీబోర్డ్ గుర్రుమంటే ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తే సరి. దయచేసి ఈ పని చేయకండి. కీబోర్డ్ ముట్టుకున్నవాడికో, మైకు ముట్టుకున్నవాడికో షాక్ కొట్టొచ్చు. కీబోర్డ్‌కూ రికార్డింగ్ పరికరానికీ మధ్య పెట్టే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది నొక్కండి. అప్పటికీ పోకపోతే ఇన్వర్టర్ మీద నడుస్తోందేమో చూడండి. సైన్ వేవ్ కాని ఇన్వర్టర్లలో ఈ గోల మామూలే. కరెంటు వచ్చేదాకా టీ తాగండి.