లోటుదా తప్పు, మిగులుదా?

ఒక దేశానికి వాణిజ్య లోటు ఉందంటే అవతల ఎక్కడో అంత మిగులు ఉండి తీరాలి. ప్రపంచమంతా ఒకే పద్దు పుస్తకం కాబట్టి అందరూ ఏకకాలంలో మిగులు చూపించలేరు. మరి లెక్క సరిచేసుకోవలసింది ఎవరు? ఎక్కువ కొన్నవాడా, ఎక్కువ అమ్మినవాడా? చైనా తన కరెన్సీ యువాన్‌ను కావాలనే చవకగా ఉంచి ఎగుమతులు పెంచుకుంటోందని అమెరికా ఆరోపణ. ఈ తగవు పైకి మారకం రేటు గురించే అయినా, దాని మూలం ఈ ప్రశ్నలోనే ఉంది.

1944 జూలైలో 44 దేశాల ప్రతినిధులు అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో సమావేశమయ్యే నాటికే దీనికి ఒక జవాబు తయారుగా ఉంది. యుద్ధపు అప్పుల్లో మునిగిన బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ దాన్ని రాశారు. దేశాల మధ్య చెల్లింపులన్నీ ‘బ్యాంకోర్’ అనే ఉమ్మడి లెక్కల కరెన్సీలో జరగాలి. పరిమితి దాటి అప్పుపడిన దేశమే కాదు, పరిమితి దాటి మిగులు పోగేసిన దేశం కూడా రుసుము కట్టాలి. అమెరికా ప్రతినిధి హ్యారీ డెక్స్‌టర్ వైట్ ఒప్పుకోలేదు. అప్పటికి అందరికన్నా పెద్ద మిగులు అమెరికాదే. తన జేబుకు తానే జరిమానా వేసుకునే కాగితం మీద ఎవరు సంతకం చేస్తారు? చివరికి ఔన్సు బంగారానికి 35 డాలర్లు, మిగతా కరెన్సీలన్నీ డాలరుకు ముడి అనే ఏర్పాటు నిలిచింది. సర్దుకునే బరువు లోటు దేశాల నెత్తినే పడింది.

ఆ బరువు అమెరికా మీదకే వచ్చిపడడానికి మూడు దశాబ్దాలు కూడా పట్టలేదు. విదేశాల్లో పోగైన డాలర్లకు సరిపడా బంగారం ఖజానాలో లేకపోవడంతో 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి తెంచేశారు. దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం కూడా వేశారు. అది బేరానికి పెట్టిన ఎర. 1949 నుంచి డాలరుకు 360 దగ్గర కదలకుండా ఉన్న జపాన్ యెన్ డిసెంబరులో 308కి వచ్చింది, సుంకం తొలగింది. 1973 కల్లా స్థిర మారకం రేట్ల విధానమే కూలిపోయింది.

తర్వాతి ఘట్టం 1985 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో జరిగింది. అధిక వడ్డీ రేట్ల వల్ల డాలరు బాగా బలపడి, అమెరికా కర్మాగారాలు దిగుమతుల పోటీకి తట్టుకోలేకపోతున్న రోజులవి. అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ కలిసి డాలరు విలువ తగ్గించడానికి ఒప్పుకున్నాయి. ఒప్పందానికి ముందు డాలరుకు దాదాపు 240 యెన్లు; రెండేళ్లు తిరగకముందే 150 దరిదాపులకు వచ్చింది. అంటే జపాన్‌లో 24 లక్షల యెన్లు పలికే కారు, అదే ధరకు అమెరికాలో అమ్మాలంటే 10 వేల డాలర్ల నుంచి 16 వేలకు చేరుతుంది. ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. వారికి ఊరటగా జపాన్ కేంద్ర బ్యాంకు 1987 నాటికి వడ్డీని 2.5 శాతానికి తగ్గించింది. ఆ చవక డబ్బు భూములు, షేర్ల మీదకు మళ్లింది. 1989 చివరి రోజుల్లో జపాన్ షేర్ల సూచీ నిక్కీ 38,915కి ఎక్కి, ఆ తర్వాత కుప్పకూలింది. వాషింగ్టన్ మాట వింటే ఇదే గతి అని బీజింగ్‌లో చాలామంది దీన్ని పాఠంగా చదువుకున్నారు. నాకు మాత్రం అది సగం నిజమే అనిపిస్తుంది. జర్మన్ మార్కు కూడా అప్పుడు బాగానే పెరిగింది, అక్కడ అలాంటి ధరల బుడగ లేవలేదు. వడ్డీని అంతకాలం అంత తక్కువగా ఉంచడం టోక్యో సొంత నిర్ణయం.

చైనా డాలరుకు 8.28 దగ్గర ఏళ్ల తరబడి నిలిపిన యువాన్‌ను 2005 జూలై 21న 2.1 శాతం మాత్రమే పెంచి, ఆపైన నెమ్మదిగా పైకి వదిలింది. యువాన్ ఎగబాకకుండా కేంద్ర బ్యాంకు డాలర్లు కొంటూ పోవడంతో 2014కి విదేశీ మారక నిల్వలు దాదాపు 4 లక్షల కోట్ల డాలర్లకు చేరాయి. అందులో పెద్ద వాటా అమెరికా ప్రభుత్వ బాండ్లలోకే తిరిగి వెళ్లింది. అంటే అమెరికన్లకు చవక సరుకుతో పాటు చవక అప్పు కూడా అందింది. పొదుపు చేయడం చేతకాక యువాన్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉందన్నది చైనా వాదనలోని సారాంశం. ఆ వాదనను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

2010 అక్టోబరులో అమెరికా ఆర్థిక మంత్రి గైట్నర్ జీ–20 ముందు ఒక ప్రతిపాదన ఉంచారు: కరెంటు ఖాతాలో (సరుకులు, సేవలు, విదేశీ రాబడుల జమాఖర్చులో) లోటైనా మిగులైనా స్థూల దేశీయోత్పత్తిలో 4 శాతం దాటకూడదు. 1944లో వైట్ తోసిపుచ్చిన ఆలోచన అమెరికా నోటే వినిపించింది. ఈసారి కాదన్నవి మిగులు దేశాలైన జర్మనీ, చైనా.

2015 ఆగస్టులో చైనా యువాన్‌ను కొద్దిగా తగ్గించగానే పెట్టుబడులు దేశం దాటసాగాయి. అది మరింత పడిపోకుండా చైనా తన నిల్వల్లో భారీ మొత్తం ఖర్చుపెట్టింది. అంటే ఆరోపణకు సరిగ్గా వ్యతిరేక దిశలో జోక్యం చేసుకుంది. అయినా 2019 ఆగస్టు 5న, ట్రంప్ కొత్త సుంకాలు ప్రకటించిన కొద్ది రోజులకు, యువాన్ బలహీనపడి డాలరుకు 7 దాటగానే అమెరికా ఆర్థిక శాఖ చైనాపై ‘కరెన్సీని తారుమారు చేసే దేశం’ అన్న ముద్ర వేసింది. 2020 జనవరి 13న, వాణిజ్య ఒప్పందంపై సంతకాలకు రెండు రోజుల ముందు, ఆ ముద్ర తీసేసింది. ఆ రోజు యువాన్ డాలరుకు దాదాపు 6.9 దగ్గర ఉంది.