చింతపండు పెట్టకముందు ఒక్కసారి

మా అమ్మమ్మ ఊరు రాజోలుకు దిగువన ఉంది. రాత్రిళ్లు సముద్రపు హోరు వినిపించేంత దగ్గర. ఆవిడ ఇనప్పెట్టెలో ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయలు రెండు ఉండేవి. రెండూ 1918వే. ఎనిమిదో తరగతి సెలవుల్లో నేను ఒకదాన్ని చింతపండుతోనూ ఆ తర్వాత టూత్‌పేస్ట్‌తోనూ తళతళలాడేదాకా తోమాను. రెండోది అమ్మమ్మ ఇవ్వలేదు. ఇప్పుడు రెండూ నా దగ్గరే ఉన్నాయి. భూతద్దం కింద పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అమ్మమ్మ దాచిన రూపాయి మీద గడ్డం పాయల్లో, కిరీటం సందుల్లో నలుపు నిలిచి ఉంది. అక్షరాల చుట్టూ మాత్రం ఇంకా పాత మెరుపు ఉంది. దీపం కింద వంచి తిప్పితే బండి చక్రం ఆకుల్లా వెలుగు తిరుగుతుంది. టంకశాలలో అచ్చుల మధ్య బిళ్లను నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచువైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి ఆనని సన్నటి చాళ్లుగా మిగులుతాయి. వెలుగు తిరిగేది ఆ చాళ్ల వల్లే. నేను తోమిన రూపాయిలో అవి లేవు. రాజు చెంప మీద నుంచి ఖాళీ జాగా దాకా ఒకే వాటున వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నాయి. తెల్లగానే ఉంటుంది గానీ అందులో వెలుగు తిరగదు.

ఇంతకీ ఆ నలుపు ఏమిటి? ఈ రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం వెండి, మిగతాది రాగి. వెండికి గంధకం అంటే ప్రీతి. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఏ కాస్త ఉన్నా దానితో కలిసి వెండి సల్ఫైడ్‌గా మారుతుంది. మన డెల్టాలో ఆ వాయువుకు కొదవ లేదు. నీళ్లు నిలిచిన వరిచేలోని బురదను, చేపల చెరువు అడుగున నల్లమట్టిని కెలికితే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలిలో తేమ ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. అంటే ఆ నలుపు బయటి నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, నాణెం తాలూకు వెండే. దాన్ని గీకితే గీకినంత మేరా నాణెం పోతుంది. చింతపండు పులుపు రాగి చిలుమును కరిగిస్తుంది గానీ ఈ నలుపు జోలికి పెద్దగా పోదు. నా రూపాయిని అరగదీసింది పేస్టులోని గరుకు పొడి.

పోయిన వివరం ఎంత చిన్నదో చెప్పాలి. రాజు వస్త్రం మీద ఒక బుల్లి ఏనుగు ఉంటుంది. 1911 రూపాయిలో అది పందిలా ఉందని గొడవ జరిగితే, 1912లో తొండం స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చారు. నా రూపాయిలో ఆ తొండం సగం చెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మన టంకశాలలకు వెండి చాలక, 1918లో అమెరికా చేసిన చట్టం కింద దాదాపు 26 కోట్ల వెండి డాలర్లను కరిగించి ఇండియా కోసం బ్రిటన్‌కు అమ్మారు. ఆ కాలపు రూపాయి చేతిలో పట్టుకుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

గీత కనిపించగానే కంగారు పడక్కర్లేదు. ముందు అది ఉబ్బెత్తుగా ఉందో, లోతుగా ఉందో చూడాలి. ఉబ్బెత్తు గీత అయితే చాలావరకు అచ్చు పగిలిన చోట లోహం దూరినది, అంటే నాణెం పుట్టుకతో వచ్చింది. లోతు గీతల్లో ఎక్కువ భాగం సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకున్నవి, జేబుల్లో రాసుకున్నవి. వెండి నికార్సైనదో కాదో చూడటానికి షరాబు కొట్టిన పోటు, దండలో గుచ్చడానికి కొక్కెం అతికిన టంకం మచ్చ కూడా కనబడతాయి. ఇవి నాణెం ఎవరెవరి చేతుల్లో తిరిగిందో చెబుతాయి. తోమిన గీతలు ఏమీ చెప్పవు. సేకరించేవాళ్లు వాటికి ధర బాగా తగ్గిస్తారు.

రాగి సంగతి వేరు. 1794లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మన గోదావరి జిల్లాలు కూడా ఉన్న ప్రాంతం కోసం, రూపాయికి 48 లెక్కన చెలామణి అయ్యే రాగి నాణేలను బర్మింగ్‌హామ్‌లో వేయించింది. అలాంటి నాణెం మీద గట్టిగా, నున్నగా ఉన్న గోధుమ, ముదురాకుపచ్చ పొరలు లోపలి లోహానికి కాపు. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే. ఉప్పుగాలిలోని క్లోరైడ్ రాగితో కలిసి, తేమ తగిలినప్పుడల్లా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది. అంతర్వేది, యానాం వైపు ఇళ్లలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి విడదీసి, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించాలి.

పొలంలో దొరికే శాతవాహనుల సీసపు నాణేలకు పులుపు అసలు తగలకూడదు. సీసం కరుగుతుంది, పైగా విషం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి గోదావరిలోకి వేసే ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. తాడుకు అయస్కాంతం కట్టి వేస్తే అంటుకునేది అందుకే. దాన్ని ఎలా కడిగినా నష్టం లేదు.

మట్టి అంటిన పాత నాణెమైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. జిడ్డు, జిగురు పోవాలంటే అసిటోన్ అనే ద్రావకం, శుద్ధమైనది, చాలు, అది లోహాన్ని ముట్టదు. అయితే కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా వాడాలి. పీవీసీ కవర్ల ఆల్బమ్‌లు మన వేడికి, తేమకు ఆమ్లం వదిలి నాణెం మీద పచ్చటి జిగట చేస్తాయి. రబ్బరు బ్యాండ్‌లో గంధకం ఉంటుంది కాబట్టి వెండికి చుడితే నల్ల చార పడుతుంది. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోవాలి, చెమటలోనూ ఉప్పుంటుంది.

నేను తోమిన రూపాయి మళ్లీ నల్లబడుతోంది, ఈసారి మచ్చలు మచ్చలుగా. ఏటా వరలక్ష్మీ వ్రతానికి అమ్మ కలశంలో వేసేది దాన్నే. పసుపు, కుంకుమ అంటుకుంటాయి, మర్నాడు అమ్మ దాన్ని కడిగేస్తుంది. రెండోది ఇమ్మని అడిగితే నేను ఇవ్వను.