ఆగిపోయిన చోటి నుంచి: ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా రేసుల దారి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం పక్కనుంచి వేసిన 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద మన దేశంలో మొదటి ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల చాంపియన్‌షిప్) రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీది రెండో స్థానం. మూడోవాడిగా గీత దాటింది సెబాస్టియన్ బ్యూమీ. అయితే అనుమతి ఉన్నదానికన్నా ఎక్కువ పవర్ వాడాడని అతనికి 17 సెకన్ల పెనాల్టీ వేశారు. దాంతో మూడో స్థానం ఒక పోర్చుగీసు డ్రైవర్‌కి దక్కింది. పేరు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా. ఫార్ములా ఈలో అది అతని 100వ రేసు.

ఆ వారమంతా నగరంలో ట్రాఫిక్ మళ్లింపుల గురించే మాటలు. పోర్షె కారులో వచ్చిన ఈ మనిషి ఎవరో చాలామందికి తెలియనే లేదు. వెర్న్, బ్యూమీ ఇద్దరూ ఒకప్పుడు ఫార్ములా వన్‌లో రెడ్ బుల్ వాళ్ల చిన్న టీమ్ టోరో రోసోకి నడిపినవాళ్లు. ద కోస్టా అదే టీమ్ గుమ్మం దాకా వెళ్లి లోపలికి అడుగు పెట్టలేకపోయినవాడు. అతని కెరీర్ ఇన్ని రకాల రేసుల్లోకి పాకడానికి మూలం అక్కడుంది.

1991లో పుట్టాడు. పెరిగింది లిస్బన్ దగ్గరి కష్కైష్‌లో. 1984 నుంచి 1996 వరకు ఫార్ములా వన్ జరిగిన ఎస్తోరిల్ సర్క్యూట్ ఆ ఊరి పరిధిలోదే. 1985లో బ్రెజిల్ దిగ్గజం అయిర్టన్ సెనా తన మొదటి ఫార్ములా వన్ విజయం అందుకున్నది ఆ ట్రాక్ మీదే. ఇంట్లో అన్న కూడా రేసరే కాబట్టి కార్టింగ్ చిన్నప్పుడే మొదలైంది. సన్నగా, పొట్టిగా ఉండేవాడని అక్కడివాళ్లు ‘ఫోర్మీగా’ అని పిలిచేవారు. అంటే చీమ. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

2009లో ఉత్తర యూరప్ ఫార్ములా రెనో టైటిల్ గెలిచాడు. అసలు మలుపు 2012లో వచ్చింది. సీజన్ మధ్యలో రెడ్ బుల్ అతన్ని తన జూనియర్ ప్రోగ్రామ్‌లోకి తీసుకుని ఫార్ములా వన్‌కి ముందు మెట్టయిన ఫార్ములా రెనో 3.5 సిరీస్ కారు ఎక్కించింది. ఆలస్యంగా వచ్చి కూడా చివరి ఐదు రేసుల్లో నాలుగు గెలిచాడు. ఆ నవంబరులోనే మకావ్ వీధుల్లో ఫార్ములా త్రీ గ్రాండ్ ప్రి కూడా గెలిచాడు. ఇక ఫార్ములా వన్ ఖాయం అని అందరూ అనుకున్నారు.

2013లో డానియల్ రికార్డో అనే డ్రైవర్ టోరో రోసో నుంచి రెడ్ బుల్‌కి ప్రమోట్ అవడంతో ఒక సీటు ఖాళీ అయింది. అది ద కోస్టాదే అని ప్యాడక్‌లో, అంటే టీమ్‌లు మకాం వేసే చోట, గట్టి మాట. కానీ ఆ ఏడాది అతనికి అనుకున్నట్టు సాగలేదు. ఫార్ములా రెనో 3.5లో మాగ్నుసెన్, వాండోర్న్ తర్వాత మూడో స్థానంలో ముగించాడు. అక్టోబరులో సీటు 19 ఏళ్ల డానియల్ క్వ్యాట్‌కి వెళ్లింది. అప్పటికి క్వ్యాట్ నడుపుతున్నది అంతకన్నా కింది మెట్టు, జీపీ3లో. ఈ పద్ధతిలోని కఠినత్వం నాకు మింగుడు పడదు. రెండు దశాబ్దాల జీవితాన్ని ఒకే సీజన్ తూకం వేసేస్తుంది, మళ్లీ అడిగే వీలుండదు.

2014లో అతను బీఎండబ్ల్యూతో డీటీఎంకి, అంటే పైకప్పు ఉన్న టూరింగ్ కార్ల రేసులకి వెళ్లాడు. అక్కడ మూడేళ్లలో దక్కిన గెలుపు ఒక్కటే, 2015లో జాండ్‌వోర్ట్‌లో. అదే సమయంలో కొత్తగా పుట్టిన ఫార్ములా ఈలో అగురి అనే చిన్న టీమ్‌కీ నడిపాడు. డీటీఎంతో తేదీలు కలవక మొట్టమొదటి బీజింగ్ రేసుకే వెళ్లలేకపోయాడు. అయినా 2015 జనవరిలో బ్యూనస్ ఐరిస్‌లో గెలిచాడు.

ఫార్ములా ఈ డ్రైవింగ్ వేరే విద్య. అందరికీ కొలిచి ఇచ్చిన కరెంటుతోనే రేసు ముగించాలి. అందుకే బ్రేకు వేయాల్సిన చోటికి చాలా ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి కారును దొర్లనిస్తారు. వేగం తగ్గేటప్పుడు మోటారు కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఎవరు ఎంత పొదుపు చేశారన్నది చివరి ల్యాపుల్లో బయటపడుతుంది. 2021లో మొనాకోలో జరిగింది అదే. ముందున్న మిచ్ ఎవాన్స్ దగ్గర కరెంటు అడుగంటుతోంది. ఆఖరి ల్యాపులో సొరంగం దాటి ఓడరేవు వైపు దిగుతూ ద కోస్టా అతని పక్కకి వచ్చాడు, షికేన్ అనే మెలిక దగ్గర ముందుకెళ్లిపోయాడు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

అంతకుముందు చేదు కూడా చవిచూశాడు. 2019 జనవరిలో మరాకేష్‌లో, అప్పటి అతని టీమ్ బీఎండబ్ల్యూ కార్లు రెండూ మొదటి రెండు స్థానాల్లో సాగుతుండగా సొంత సహచరుడు సిమ్స్‌తో తగువులో అదుపు తప్పి, గోడ దగ్గర రేసు పోగొట్టుకున్నాడు. ఆ సీజన్ తర్వాత టెచీతా టీమ్‌కి మారాడు. అక్కడ సహచరుడు వెర్న్. 2014లో టోరో రోసో సీటు దక్కి ఉంటే పక్క కారులో ఉండేవాడు కూడా ఆ వెర్నే.

కొవిడ్ వల్ల మధ్యలో ఆగిన టెచీతా మొదటి సీజన్ 2020 ఆగస్టులో బెర్లిన్ పాత విమానాశ్రయం టెంపెల్‌హోఫ్‌లో ముగిసింది. తొమ్మిది రోజుల్లో ఆరు రేసులు, ప్రేక్షకులు లేరు. మొదటి రెండూ ద కోస్టా గెలిచాడు. ఆగస్టు 9న వెర్న్ వెనక రెండో స్థానంలో వచ్చి, ఇంకా రెండు రేసులు మిగిలి ఉండగానే చాంపియన్ అయ్యాడు. ఫార్ములా ఈకి ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా వచ్చింది ఆ తర్వాతి సీజన్ నుంచే. ఒక్క ఏడాది తేడా.

మరో రెండు నెలలకి, 24 ఏళ్ల విరామం తర్వాత ఫార్ములా వన్ పోర్చుగల్‌కి, పోర్తిమావ్‌కి తిరిగొచ్చింది. 20 కార్లలో పోర్చుగీసు డ్రైవర్ ఒక్కడూ లేడు. 2006లో తియాగో మొంతేరో వెళ్లిపోయాక ఆ దేశం నుంచి ఎవరూ రాలేదు. క్వ్యాట్ మాత్రం ఆ గ్రిడ్‌లో ఉన్నాడు.

ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లే మాన్ రేసులో 2020లో ఎల్ఎంపీ2 అనే రెండో శ్రేణి కార్ల తరగతిలో ద కోస్టా బృందం రెండో స్థానంలో నిలిచింది. గెలిచిన కారులో ఉన్నది ఇంకో పోర్చుగీసు, ఫిలిప్ అల్బుకెర్క్. 2022లో జోటా టీమ్‌తో, రొబెర్తో గొంజాలెజ్, విల్ స్టీవెన్స్ జతగా, ఆ తరగతిలో లే మాన్‌నీ ప్రపంచ ఎండ్యూరెన్స్ టైటిల్‌నీ రెండింటినీ అందుకున్నాడు.

హైదరాబాద్ రేసు అయిన రెండు వారాలకి కేప్‌టౌన్‌లో వెర్న్‌ని దాటి పోర్షెకి తన మొదటి విజయం తెచ్చాడు. 2024 ఏప్రిల్‌లో మిజానోలో గెలిచి కూడా, పెడల్‌లోని ఒక స్ప్రింగు నిబంధనలకి తగ్గట్టు లేదని అనర్హుడయ్యాడు. తర్వాత బెర్లిన్‌లో, షాంఘైలో, పోర్ట్‌లాండ్‌లో రెండుసార్లు, మొత్తం నాలుగు రేసులు గెలిచాడు. 2025లో పోర్షెని వదిలి జాగ్వార్‌లో చేరాడు. అక్కడ పక్క కారు నడిపేది, మొనాకో చివరి ల్యాపులో తను దాటేసిన మిచ్ ఎవాన్స్.