కంట్లో స్టెమ్ సెల్ వైద్యం: నిజమెంత, అమ్ముకునేది ఎంత

"స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో పోయిన చూపు వస్తుంది" అనే మెసేజ్ తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరగతా ఉంది. ఒకరు మోసం అంటారు, ఇంకొకరు మావాళ్లకి హైదరాబాద్‌లో చేశారు, చూపొచ్చింది అంటారు. రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే మాట్లాడేది కంట్లో రెండు వేరే చోట్ల గురించి: ఒకటి కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా, ఇంకొకటి కంటి వెనకుండే, చూపుని పట్టే పొర రెటీనా. స్టెమ్ సెల్ అంటే ఇంకా ఎదగని మూల కణం, అందులోంచే కొత్త కణాలు పుడతాయి. ఇంక నేరుగా 1986కి పోదాం.

ఆ ఏడాది న్యూయార్క్ యూనివర్సిటీలో టుంగ్-టియెన్ సన్ టీమ్ కుందేలు కార్నియాలో కెరాటిన్ ప్రోటీన్లు వెతికింది. కె3 అనే కెరాటిన్ ఉంటే ఆ కణం ఎదిగినట్టు లెక్క. కార్నియా అంతటా అడుగు వరసలో కూడా అది కనిపించింది, నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచు, అంటే లింబస్‌లో, అడుగు వరసలో మాత్రం లేదు. అంటే ఎదగని కణాలు అక్కడున్నాయి, కార్నియా పైపొరకి కొత్త కణాలు అక్కడ్నించే వస్తాయి. నన్నడిగితే ఇవ్వాళ్టి గొడవకి జవాబు మొత్తం ఇందులోనే ఉంది.

ఆకు వక్క సున్నం ప్యాకెట్‌ని పిల్లోళ్లు నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది చూడండి, ఆ క్షారం కణాల పొరల్లోని కొవ్వుని సబ్బు చేసేస్తా లోపలికి దిగిపోతుంది. లింబస్ కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది, అప్పుడు ఉత్త కార్నియా మార్పిడి చేసినా నిలవదు, పైపొరకి కణాలు పంపే చోటే పోయింది కదా. 1997లో ఇటలీలో ఇద్దరికి బాగున్న కంటి లింబస్ కణాల్ని ల్యాబ్‌లో పెంచి అతికించారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ టీమ్ 2012లో ప్రచురించిన స్లెట్ పద్ధతిలో ల్యాబే అక్కర్లేదు, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఇంకా చిన్నగా కోసి, ఉమ్మనీటి సంచి పొర మీద జిగురుతో అంటిస్తారు, కణాలు కంటి మీదే పెరుగుతాయి. కాకపోతే ఒక కన్నన్నా బాగుండాలి.

రెటీనా సంగతి వేరు. మనుషుల్లో అది తనంతట తాను మళ్లీ పుట్టదు. 2014లో జపాన్‌లోని కోబేలో రోగి చర్మ కణాల నుంచి రెటీనా కింది పొర తయారుచేసి పెట్టారు, అదీ పరిశోధనగానే. ఇంజెక్షన్ వాళ్లు మాత్రం మీ సొంత కణాలే కాబట్టి ప్రమాదం లేదంటారు. అమెరికాలో ముగ్గురు ఆడవాళ్లకి వాళ్ల కొవ్వు నుంచి తీసిన కణాలే రెండు కళ్లలో ఒకేరోజు ఎక్కించారు, ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకున్నారు, చూపు ఘోరంగా దెబ్బతింది. 2017లో ఈ రిపోర్ట్ వచ్చింది. అదే ఏడాది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) గైడ్‌లైన్స్ కూడా నిరూపణ కాని స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్, అంటే మనుషుల మీద చేసే పరీక్ష, బయట చెయ్యకూడదన్నాయి.

ట్రయల్ అని చెప్తే సీటీఆర్ఐ, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, నంబరు అడగండి, ఆ సైట్ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.