డ్రైవర్ గంటలకు సాక్షి ఎవరు?

లారీ, బస్సు డ్రైవర్లు రోజుకు ఎన్ని గంటలు నడపాలి, ఎంతసేపు పడుకోవాలి అన్న గొడవ కొత్తదేం కాదు. బ్రిటన్ 1930లోనే రోడ్డు రవాణా చట్టంలో రాసేసింది: ఏకబిగిన ఐదున్నర గంటలకు మించి, రోజు మొత్తమ్మీద 11 గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదు, వరసగా 10 గంటలు విశ్రాంతి ఉండాలి. అమెరికాలో 1935 నాటి మోటార్ క్యారియర్ చట్టం వచ్చాక, ఆ దశకం ముగిసేలోపే ఇలాంటి నిబంధనలు వచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా 1939లో ఒక ఒడంబడిక చేసింది గానీ, దాన్ని ఆమోదించిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అంటే తొంభై ఏళ్ల కిందటే అంకెలు ఖాయమైపోయాయి. ఆ తర్వాత అవి కాస్త అటూ ఇటూ జరిగాయంతే. అసలు తగువంతా ఆ గంటలను ఎవరు లెక్కపెడతారన్న దగ్గరే.

మొదట్లో ఆ పని డ్రైవర్‌దే. లాగ్‌బుక్‌లో ఎప్పుడు బయల్దేరాడో, ఎక్కడ ఆగాడో తనే రాసుకోవాలి. కిరాయి మైళ్ల లెక్కన వచ్చేవాడు, సరుకు ఆలస్యమైతే తిట్లు తినేవాడు నిజం ఎంతవరకు రాస్తాడు? పోలీసుకు చూపించడానికి ఒకటి, డబ్బు లెక్కకు ఇంకొకటి, ఇలా రెండు పుస్తకాలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికన్ డ్రైవర్లే వాటిని కామిక్ పుస్తకాలని వెక్కిరించేవారు. అయినా అక్కడ 2017 డిసెంబరులో ఎలక్ట్రానిక్ పరికరం తప్పనిసరి అయ్యేదాకా ఎక్కువ బండ్లు ఆ కాగితాల మీదే నడిచాయి.

యూరప్ యంత్రాన్ని ముందే నమ్ముకుంది. ఉమ్మడి మార్కెట్ (నేటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) దేశాలు 1969లో డ్రైవింగ్ గంటల నిబంధన చేసుకుని, మరుసటి ఏడాదే బండి నడకను నమోదు చేసే టాకోగ్రాఫ్‌ను రంగంలోకి దించాయి. స్పీడోమీటర్ వెనక మైనం పూత పూసిన గుండ్రటి కాగితం బిళ్ల ఒకటి ఉంటుంది. అది 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. సన్నటి ముల్లు దాని మీద వేగాన్ని, దూరాన్ని, ఆగిన సమయాన్ని గీస్తూ పోతుంది. బిళ్ల మధ్యలో డ్రైవర్ తన పేరు, తేదీ, బండి నంబరు రాయాలి. బ్రిటన్‌లో యూనియన్లు దీన్ని క్యాబిన్‌లో కూర్చున్న గూఢచారి అని మండిపడ్డాయి. ప్రభుత్వం కూడా అమలు చేయకుండా నాన్చింది. చివరికి 1979లో యూరోపియన్ న్యాయస్థానం తప్పుపడితే గానీ దారికి రాలేదు.

యూరప్‌లో 1985లో స్థిరపడిన కొలతలే దాదాపుగా ఇప్పటికీ ఉన్నాయి: నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం, రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండుసార్లు మాత్రం 10. 2006లో నిబంధనలను తిరగరాసినప్పుడు ఒక మంచి పని జరిగింది. డ్రైవర్ తప్పు చేస్తే కంపెనీదీ బాధ్యతేనని రాశారు, ప్రమాదానికి దారితీసేలా దూరాన్ని బట్టి, సరుకు బరువును బట్టి జీతం కట్టకూడదన్న పాత నిషేధాన్నీ నిలబెట్టారు. మిగతా నిబంధనలన్నిటికంటే ఈ జీతం నిషేధమే ముఖ్యమని నా ఉద్దేశం. అలసటను పుట్టించేది ఆ లెక్కే కదా.

అదే ఏడాది మే నుంచి కొత్త బండ్లలో కాగితం బిళ్ల స్థానంలో డిజిటల్ టాకోగ్రాఫ్, అందులో పెట్టే డ్రైవర్ కార్డు (ఎవరి గంటలు వాళ్ల పేరు మీద దాచుకునేది) వచ్చాయి. మోసం పోయిందా అంటే, వేషం మార్చుకుంది. గేర్‌బాక్స్ దగ్గరి సెన్సర్‌కు అయస్కాంతం తగిలిస్తే, బండి పరుగెడుతున్నా ఆగి ఉన్నట్టే నమోదయ్యేది. స్నేహితుడి కార్డు పెట్టి నడపడం ఇంకా సులువు. అందుకే 2019 నుంచి కొత్త బండ్లకు ఉపగ్రహ సంకేతాలతో బండి ఎక్కడుందో గుర్తుపెట్టుకునే స్మార్ట్ టాకోగ్రాఫ్‌ను తప్పనిసరి చేశారు. రోడ్డు పక్కన నిలబడ్డ అధికారి బండిని ఆపకుండానే, అనుమానించాల్సిందేమైనా ఉందేమో దాన్నుంచి తెలుసుకోవచ్చు.

ఇంత చేసినా ఒక్క మీట ఇంకా డ్రైవర్ వేలి కిందే ఉంది. బండి కదిలితే చక్రం గుర్తు దానంతటదే పడుతుంది. ఆగితే మాత్రం మంచం గుర్తు పెట్టాలా, సుత్తుల గుర్తు పెట్టాలా అన్నది అతనే చెప్పాలి. మంచమంటే విశ్రాంతి, సుత్తులంటే ఇతర పని. గోడౌన్ ముందు గంటల తరబడి లోడింగ్ కోసం కాచుకున్నవాడు, సరుకు దించడానికి చెయ్యి వేసినవాడు మంచం నొక్కితే, ఆ టైమంతా నిద్రపోయినట్టే రికార్డవుతుంది. డ్రైవింగ్‌తో పాటు ఇతర పనినీ కలిపి వారానికి సగటున 48 గంటలు, ఏ వారంలోనూ 60 దాటకూడదన్న 2002 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశాన్ని దాటవేసే దారుల్లో ఇదొకటి. దీన్ని పట్టుకోవాలంటే కంపెనీ ఆఫీసుకెళ్లి గోడౌన్ రసీదులతో సరిచూడాలి. 2006 తనిఖీల ఆదేశం కూడా రోడ్డు మీదికంటే కంపెనీల దగ్గరే ఎక్కువ చూడమంది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి, సరుకు పంపినవాణ్ని, లోడు చేయించినవాణ్ని కూడా చట్టం ముందు నిలబెట్టింది.

వారానికోసారి తీసుకోవాల్సిన విశ్రాంతిది మరో చిక్కు. 45 గంటల విశ్రాంతిని క్యాబిన్‌లో గడపకూడదని యూరోపియన్ న్యాయస్థానం 2017 డిసెంబరులో తేల్చింది. 2020 సవరణ దాన్ని చట్టంలోనే పెట్టి, బస ఖర్చు యజమాని భరించాలంది. అయితే గతవారం ఎక్కడ పడుకున్నావో రుజువు చూపించమని రోడ్డు మీద అడిగే వీల్లేదని యూరోపియన్ కమిషనే వివరణ ఇచ్చింది. కాబట్టి తనిఖీవాళ్లు పార్కింగ్‌కు వెళ్లి తలుపు కొట్టినప్పుడు డ్రైవర్ లోపల ఉంటేనే జరిమానా.